ఖాళీలోకి విసిరిన బంతి

“వేశానంటే వినవేంరా? ఇది మూడోసారి చెప్పడం,” అంది తారాదేవి, ఆవకాయ జాడీ మూత గట్టిగా బిగిస్తూ.

“కంచంలో లేదమ్మా. ఉంటే లేదని ఎందుకంటాను?” శ్రీనాథ్ లాప్‌టాప్ మీంచి కంచంలోకి ఒకసారి చూసి, మళ్ళీ తెరవైపు తిరిగాడు.

“పోనీ ఇంకో ముక్క వేసెయ్యండి అత్తయ్యా, గొడవ వదులుతుంది,” అంది గీతాంజలి వంటింట్లోంచి.

“వెయ్యను. నిన్నా ఇంతే. ముక్క కంచంలోనే వదిలేసి, వెయ్యలేదని నామీద ఎగిరాడు. అన్నం దగ్గర కూడా ఆ ఆటే చూస్తుంటే ఇంకేం కనిపిస్తుంది?”

శనివారం మధ్యాహ్నం. పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్ పేటలోని ఆ ఫ్లాట్‌లో పది రోజులుగా భోజనాలన్నీ ఇలాగే సాగుతున్నాయి. శ్రీనాథ్ వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాడు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు పంపే వీడియోలు చూసి, ఏ ఆటగాడు ఎదుగుతాడో, ఎవడు ఇంతేనో రిపోర్టు రాయడం అతని పని. ఇప్పుడు మైకా అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడి వంతు. క్వార్టర్‌బ్యాక్. జట్టులో బంతి విసిరేది అతనే. మూడు గంటలకల్లా రిపోర్టు వెళ్ళాలి. వద్దని రాస్తే సోమవారం ఆ జట్టు అతన్ని వదిలేస్తుంది.

ఇంతకుముందు శ్రీనాథ్ వద్దని రాసిన ఇద్దరు కుర్రాళ్ళు వేరే జట్లలో చేరి అదరగొడుతున్నారు. మూడోసారి కూడా తప్పితే ఇక రానక్కర్లేదని మేనేజరు అభిజిత్ మొహం మీదే చెప్పాడు. ఉద్యోగం పోతే వీసా పోయి, నెల తిరక్కుండా ఆ దేశం వదలాలి. అక్టోబరులో కూతురు కీర్తిక పరీక్షలు.

“ఏం తేల్చారు?” పెరుగు గిన్నె పెడుతూ అడిగింది గీతాంజలి.

“ఏం తేలుస్తాను? చెయ్యి బంగారం. బుర్రే లేదు. ఎవరూ లేని చోటికి విసురుతాడు.”

“అయితే బంతి కింద పడుతుందా?”

“పడదు. ఎవడో ఒకడు ఎక్కణ్ణుంచో ఊడిపడి పట్టుకుంటాడు. అదృష్టం. అదృష్టాన్ని నమ్మి ఏమని రాయను?”

“అదృష్టం కాదు నాన్నా.”

శ్రీనాథ్ ఉలిక్కిపడ్డాడు. చేతిలో ముద్ద జారి కంచంలో పడింది. “దొంగలా వచ్చి పక్కన కూర్చోకపోతే, కాస్త అలికిడి చెయ్యొచ్చుగా!”

“టెన్ మినిట్స్ నుంచి ఇక్కడే ఉన్నాను లా,” అంది కీర్తిక అక్కడి పిల్లల యాసలో. స్కూలు జట్టులో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతుంది, అదే ఆటలో పడదొయ్యడాలు లేని రకం. ఆ ఆట నేర్పింది తండ్రే. “మైకా సూపర్ నాన్నా. పట్టుకునేవాడు వచ్చాక విసరడు. వాడు ఎక్కడికి వస్తాడో చూసి ముందే విసురుతాడు. నంబర్స్ చూడు, పదింటిలో ఏడు క్యాచెస్.”

“అంకెలు చూడ్డానికి కంప్యూటరు చాలు. కళ్ళతో చూస్తాననే నాకు జీతమిస్తున్నారు.”

గీతాంజలి గొంతు తగ్గించింది. “ఆ ఇద్దరు కుర్రాళ్ళ గురించీ ఇదే మాటన్నారు. ఖాళీలోకి విసురుతున్నారనే అన్నారు.”

“తెలుసు! అందుకే ఒక్కో బంతీ నలభైసార్లు చూస్తున్నాను. నలభైసార్లూ ఖాళీయే. లేనివాణ్ణి ఉన్నాడని ఎలా రాయను గీతా? రాశాక అది తప్పయితే? వద్దని రాసి, అదీ తప్పయితే?” అతను వీడియోని మళ్ళీ మొదటికి తిప్పాడు. “ఎటు రాసినా మునిగేది మనమే.”

తారాదేవి కుర్చీ లాక్కుని కొడుకు వెనక కూర్చుంది.

“ఏదీ, నాకూ చూపించు. ఈ విసిరేవాడి పనేంటి అసలు?”

“నీ పనే నానమ్మా,” అంది కీర్తిక. “పంక్తిలో ఎవరికి వడ్డించాలో చూసుకోవాలి. టైము రెండే సెకండ్లు.”

“రెండు సెకండ్లంటే గరిటె వాళ్ళ మొహాన కొట్టి వచ్చేస్తాను.”

గీతాంజలి నవ్వు ఆపుకుంది. శ్రీనాథ్ నవ్వలేదు. వీడియో నడిపాడు. మైకా రెండడుగులు వెనక్కి వేసి చెయ్యెత్తాడు. అక్కడ ఆపాడు.

“చూడమ్మా, ఇప్పుడు విసిరేస్తాడు. అక్కడ ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నాడుగా. ఆ చివర తెల్లచొక్కా వాడు చెయ్యి కూడా ఊపుతున్నాడు.”

“నీకు ఆట తెలీదమ్మా.”

“ఆట తెలీకపోతే మనిషి కూడా తెలీడా?” తారాదేవి ముందుకు వంగి తెరమీద వేలు పెట్టింది. “అదిగో.”

శ్రీనాథ్ ఆ వేలివైపు తల తిప్పాడు. చాలాసేపు చూశాడు. అన్నం సగంలోనే వదిలి, లాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

గంటసేపు లోపలినుంచి స్టేడియం కేకలు వినిపించాయి, ఆగాయి, మళ్ళీ వినిపించాయి. మూడు గంటలకి తలుపు తెరుచుకుంది.

“పంపించేశాను. మైకాని వదులుకోవద్దని రాశాను. నేను చూసిన కుర్రాళ్ళలో అంత ముందుచూపు ఎవరికీ లేదు.”

“యెస్!” కీర్తిక ఎగిరి గంతేసింది. “చెప్పానా లేదా?”

గీతాంజలి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. “హమ్మయ్య. గండం గడిచింది.”

“ఆ ఇద్దరి విషయంలోనూ తప్పు నాదేనని రాశాను. సోమవారం నుంచి పనిలోకి రానని కూడా రాశాను.”

“రానని రాయడమేంటి? ఈసారి సరిగ్గానే చెప్పారుగా! మరి దీని పరీక్షలు?”

శ్రీనాథ్ వదిలేసిన కంచం ముందు కూర్చుని, తల పూర్తిగా పక్కకి తిప్పాడు. అంచున ఎర్రగా ఆవకాయ ముక్క ఉంది. దాన్ని వేలితో మెల్లగా కంచం మధ్యకి జరిపాడు.

“వేశావమ్మా,” అన్నాడు. తర్వాత ముగ్గురికీ వినబడేలా నెమ్మదిగా చెప్పాడు.

“నాకు ఎడమవైపు కనిపించడం లేదు.”