కంచె అవతల పదకొండు అడుగులు

"ఆగండి. కాలు కదపకండి."

పెంగ్విన్ల దగ్గర గొంతు పెంచకూడదని పొద్దున టీ తాగుతూ చెప్పింది ఎనిడే. ఇప్పుడు అరిచిందీ ఆమే. ముళ్లకంచె అవతల, గడ్డి దుబ్బులు మొలిచిన ఇసుక దిబ్బ మీద, మెడలో కెమెరాతో గైల్స్ నిలబడి ఉన్నాడు. కంచెకు కట్టిన ఎర్ర రేకు మీద పుర్రె బొమ్మ, దాని కింద 'మందుపాతరలు' అన్న మాట అంత దూరానికీ కనబడుతున్నాయి.

అతని భార్య హిలరీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గైల్స్, అక్కడికెందుకెళ్లావు?"

"ఫొటో కోసం. నీళ్లలోంచి బయటికొస్తుంటే ఎదురుగా ఇక్కణ్ణుంచే పడతాయి."

ఫాక్లాండ్ దీవుల్లో ఓ మూలనున్న ఆ తీరానికి ఎనిడ్ గొర్రెల పొలం మీదుగానే రావాలి. ఏటా వేసవిలో నలుగురైదుగురికి ఇంట్లో బస ఇచ్చి, తనే జీపులో తీసుకొచ్చి చూపిస్తుంది. ఆరు మీటర్ల దూరం పాటించాలి, వాటి దారికి అడ్డు నిలవకూడదు, కూర్చునే చూడాలి, కంచె దాటకూడదు. గైల్స్ అన్నిటికీ తల ఊపాడు. అలాంటివాళ్లకు తల ఊపడం వేరు, వినడం వేరు.

"బోర్డు కనబడలేదా?" అంది ఎనిడ్.

"కనబడింది. కానీ రాజధాని స్టాన్లీలో ఇచ్చిన మ్యాపులో ఈ చోటు గుర్తుపెట్టి లేదు. పైగా ఆ పక్షులు పొద్దుట్నించి ఇటే తిరుగుతున్నాయి. వాటికేమీ కాలేదుగా."

"వాటి బరువెంత, మీ బరువెంత? యుద్ధంలో పాతినవాళ్లు లెక్క రాసుకుని పాతారా ఏమిటి?"

గైల్స్ మొహంలో నవ్వు పోయింది. తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆ దీవుల కోసం జరిగిన యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లు దాటినా, అక్కడ పుర్రె బొమ్మ ఉన్న కంచెను ఎవరూ దాటరు. ఆ సంగతి అతనికి కాస్త ఆలస్యంగా ఎక్కింది.

"సైన్యం వాళ్లని పిలవండి," అంది హిలరీ. "జీపులో రేడియో ఉందిగా."

"వద్దు," అంది ఎనిడ్ వెంటనే. తర్వాత కాస్త తగ్గి, "వాళ్లొచ్చేసరికి రేపవుతుందమ్మా. అందాకా ఒకే చోట నిలబడగలడా ఈయన?" అంది.

"పోనీ మీరెళ్లి తీసుకురండి. మీకు తెలిసిన నేలేగా."

"ఇంకొకరు అడుగు పెడితే నష్టం రెట్టింపవుతుంది."

హిలరీ ఏడవడం మొదలుపెట్టింది. ఎనిడ్ ఆమె వైపు చూడలేక మొహం తిప్పుకుంది. తర్వాత కంచె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఇసుకలో అతని అడుగుల గుర్తులు లెక్కపెట్టింది. పదకొండు.

"గైల్స్ గారూ, మెల్లగా ఇటు తిరగండి. మీ అడుగులు కనిపిస్తున్నాయా? వాటిలోనే కాలు పెట్టాలి. కొత్త చోట వద్దు."

ఒకటి. రెండు. ఎనిడ్ పెదవులు అతనితోపాటే లెక్కపెడుతున్నాయి. మూడు. నాలుగు.

ఐదో అడుగు గుర్తు అంచున పడింది. ఇసుక జారి, కాలు పిక్కల దాకా దిగబడింది.

"కింద..." గైల్స్ గొంతు పీలగా వచ్చింది. "కింద ఏదో కదిలింది."

ఎనిడ్ మొహం పాలిపోయింది. "బరువు వెయ్యకు. విను నా మాట. ఒళ్లంతా రెండో కాలి మీదికి తెచ్చుకో. దాన్ని తొక్కకు నాయనా, నీకు పుణ్యముంటుంది."

అంతవరకూ పలికిన మర్యాద ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. గైల్స్ కళ్లు మూసుకుని కాలు పైకి తీశాడు. ఏమీ కాలేదు. మిగిలిన ఆరు అడుగులూ వేయడానికి అతనికి పావుగంట పట్టింది. కంచె దాటి ఇవతలికి రాగానే హిలరీ అతన్ని పట్టుకుని చెంప మీద ఒక్కటిచ్చి, వెంటనే కావలించుకుంది.

సాయంత్రం చిన్న విమానం ఎక్కేముందు గైల్స్ ఎనిడ్ చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీ మాట వినని మూర్ఖుణ్ణి. ప్రాణం నిలబెట్టారు. నాకు తెలిసిన ప్రతివాడికీ చెబుతాను, కంచె దాటొద్దని."

"చెప్పండి. అందరికీ చెప్పండి," అంది ఎనిడ్.

హిలరీ కాస్త వెనక ఆగింది. "ఎనిడ్ గారూ, నాకంటే మీరే ఎక్కువ వణికిపోయారు. ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఎవరింతగా భయపడతారు?"

ఆ మాట ఎనిడ్‌కు ముల్లులా గుచ్చుకుంది. విమానం కనుమరుగయ్యేదాకా చూసి, జీపు మళ్లీ తీరం వైపు తిప్పింది.

పెంగ్విన్లు ఎప్పట్లాగే బారులు తీరి సముద్రంలోంచి నడిచొస్తున్నాయి. ఎనిడ్ బూట్లు విప్పింది. తన చేతుల్తో కట్టిన కంచె అడుగు తీగ పైకెత్తి లోపలికి దూరింది. ఒంటి బరువు ఒకచోట పడకుండా బోర్లా పడుకుని పాకుతూ, గైల్స్ కాలు దిగబడిన గుంట దాకా వెళ్లింది. కూలిన ఇసుకను వేళ్లతో తోడి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టింది.

ఇసుకలో తవ్వుకున్న బొరియలో గుడ్లు పొదుగుతున్న పెంగ్విన్ చురుగ్గా పొడిచింది. బతికే ఉంది. ఎనిడ్ దాని పొట్ట కింద మెల్లగా తడిమి చెయ్యి బయటికి తీసింది. వేళ్లకు పచ్చసొన అంటుకుని ఉంది. ఆమె అక్కడే మొహం ఇసుకలో పెట్టుకుని ఏడ్చింది.

ఆ కంచె లోపల ఏనాడూ ఒక్క మందుపాతర కూడా లేదు.