అద్దంలో ఆలస్యం

చివరి బేరాన్ని సాగనంపి, కళ్ళజోళ్ళ షాపావిడ కళ్ళు పరీక్షించే గదిలో కుర్చీలో చతికిలబడింది. ఎదుటి గోడకు అద్దం. వెనక గోడమీద తిరగేసి రాసిన అక్షరాల పట్టీ. అద్దంలో చూస్తేనే అవి సరిగ్గా కనబడతాయి.

ఫోన్లో భర్త విసుక్కున్నాడు. "ఇంకా బయల్దేరలేదా? కళ్ళజోడు మర్చిపోకు. నిన్న కూడా అక్కడే పారేసొచ్చావ్."

"నా నెత్తిమీదే ఉంది లెండి!" అని నవ్వి, లేచి, గుమ్మం దగ్గరికెళ్ళి దీపం ఆర్పింది.

గది చీకటైపోయింది. అద్దంలో మాత్రం దీపం వెలుగుతూనే ఉంది.

ఆవిడ బెదరలేదు. వెలుగు అద్దం దాకా వెళ్ళి తిరిగి కంటికి చేరాలి కదా, అందుకే అద్దంలో చూసేది ఎప్పుడూ రవంత పాతదేనని నాన్న చెప్పేవాడు. "ఆ రవంతని కొలిచే గడియారం మన షాపులో లేదమ్మా," అని నవ్వేవాడు కూడా. ఈ రాత్రి వెలుగుకి తొందర లేదు కాబోలు, అనుకుంది నిద్రమత్తులో.

అద్దంలో తను ఇంకా కుర్చీలోనే ఉంది. ఫోన్ చెవిన పెట్టుకుని, చప్పుడు లేకుండా నవ్వుతోంది.

ఆ కుర్చీ వెనక, అక్షరాలకు అడ్డంగా, ఎవరో నిలబడి ఉన్నారు. మెల్లగా వంగి, నిద్రపోతున్న పిల్లకి తీసినంత సుతారంగా, ఆవిడ నెత్తిమీంచి కళ్ళజోడు తీసుకున్నారు.

గుమ్మంలో ఆవిడ తల తడుముకుంది. జుట్టే తగిలింది.

అద్దంలోది కాసేపటి కిందటి సంగతి. మరి ఆ మనిషి ఇప్పుడెక్కడున్నట్టు?

చీకట్లో, సరిగ్గా ఆవిడ చెవి పక్కన, కళ్ళజోడు మడిచిన చిన్న చప్పుడైంది.