చెవిలో చెప్పిన మాట

రేషనంగడిలో కొత్త కాటా చూసి కదిరప్పకు ఒళ్ళు మండింది. ఆ అంగడోడి తప్పుడు తూకం గురించి ఎనిమిదింటికి రేడియోలో ఉతికి ఆరేయాల్సినోడు తను. ఏడింటికే కాటా మారిపోయింది. ఇంగ ఏం మాట్లాడేది?

పోయిన వారం నీళ్ళ ట్యాంకరూ ఇంతే. తను నోరు తెరిచేలోగా వచ్చి నిలబడింది. ఎవురో ముందే చెప్తాండారు.

గనిలో ఇరవై ఏండ్లు డ్రిల్లు మిషన్ పట్టినోడు కదిరప్ప. గని మూసినాక, ఎవురికీ బెదరని గొంతని ఊరి రేడియోవాళ్ళు పిలిచి మైకు ముందర కూర్చోబెట్టినారు.

రేపు రేడియోలో ఎవురిని ఉతికేదీ ఆయన ముందుగా చెప్పేది పెండ్లాం తాయమ్మకొక్కదానికే. అదీ మాపటేళ తలుపేసి, చెవిలో గుసగుసగా. నిన్న వింటా వింటా ఆమె ఎందుకో నవ్వింది.

అంగడి కాడ్నించి నేరుగా ఇంటికొచ్చి వంటింట్లోకి పోయినాడు.

“నిజం చెప్పు. నా మాటలు ఎవురికి మోస్తాండావు?”

తాయమ్మ సంగటి గెలికేది ఆపి, ఆయన చెవి కాడికొచ్చి గట్టిగా అరిచింది.

“నేను మోసేదేముండాది? ఆ మిషన్ నీ చెవులు తినేసి ఎన్నేండ్లాయ! నువ్వు గుసగుస అనుకునేది ఈ లైను ఇండ్లన్నిటికీ వినపడతాది. మాపటేళకు అందరూ మన గోడ కాడికొచ్చి నిలబడతారు. విన్నోళ్ళు పోయి, ‘రేపు రేడియోలో నీ వంతే’ అని ఆ అంగడోడినీ, ట్యాంకరోడినీ బెదిరిస్తారు.”

కదిరప్ప గోడకల్లా చూసినాడు.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే మెల్లగా మాట్లాడతావు. మళ్ళీ మనకు నీళ్ళు రావు.”