చప్పిడి పథ్యం

"ఉప్పు మానిపించమన్నానా లేదా?" డాక్టరమ్మ బీపీ మిషను పట్టీని విసురుగా లాగేసింది. "పోయినసారి కంటే పెరిగింది. ఆ కాళ్ళ వాపు చూడండి. ఇలాగే తింటూ పోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

ఏడో నెల కడుపుతో ఉన్న తబిత తల దించుకుంది. పక్కనే నిలబడ్డ అత్త వీరమ్మ కంగారుపడింది.

"మానేశామండి. కూరలో చిటికెడు కూడా వెయ్యట్లేదండి."

"మరి ఒంట్లోకి ఎలా వెళ్తోంది? పచ్చళ్ళు, ఎండుచేపలు ఏవీ వద్దు. మంచినీళ్ళు మాత్రం బాగా తాగించండి. ఎండలు మండిపోతున్నాయి."

ఇద్దరూ అమలాపురంలో బస్సెక్కారు. ఊళ్ళో దిగగానే వీరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"నిజం చెప్పవే. మీ అమ్మ దగ్గరికెళ్ళి ఆవకాయ తింటున్నావు కదూ?"

"లేదత్తా. ప్రభువు మీద ఒట్టు."

"ప్రభువు మీద ఒట్లు పెట్టకు!"

తబిత వీరమ్మకి పరాయిది కాదు, సొంత అన్న కూతురు. పుట్టిందీ పెరిగిందీ సముద్రం పక్కనున్న ఆ పేటలోనే. వీరమ్మ తిన్నగా అన్నగారింటికెళ్ళి గుమ్మంలోనే నిలబడింది. "నా కోడలికి ఉప్పు తగిలించారో, ఈ గడప మళ్ళీ తొక్కను" అని వదినకి చెప్పి వచ్చేసింది. ఉప్పు జాడీ, ఎండుచేపల బుట్ట పక్కింటావిడ పాపాయికి ఇచ్చేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ చప్పిడి కూడే. రొయ్యల చెరువు పని నుంచి వచ్చిన కొడుకు ఐజాక్ కంచం వంక ఒకసారి చూసి, తిని లేచాడు.

"నీకెందుకత్తా ఈ శిక్ష? నువ్వు తిను" అంది తబిత.

"నేను తింటుంటే నీకు నోరూరదూ?"

పొద్దున్నే వీరమ్మ పెరటి నూతిలో నీళ్ళు తోడి, గుడ్డతో వడకట్టి, కాచి చల్లార్చేది. చెంబు పట్టుకుని కోడలి వెంటపడేది.

"కడుపు నిండిపోయిందత్తా."

"ఇంకొక్క గుక్క. నా తల్లివి కదూ."

తబిత తాగేది. ఎంత తాగినా దాహం తీరేది కాదు. మళ్ళీ తనే అడిగేది.

వాపు తగ్గలేదు. చేతులకెక్కింది, ముఖానికెక్కింది. గాజులు బిగిసిపోతే ఐజాక్ సబ్బు రాసి తీశాడు. వీరమ్మకి ఆ ముఖం చూస్తే భయం, భయం వెనకాలే కోపం. కోడలి ట్రంకుపెట్టె దించి బట్టలన్నీ దులిపింది. ఏమీ దొరకలేదు. దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుంది.

"నోరు తెరు. వాసన చూడనీ."

తబిత నోరు తెరిచింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "నీ మేనకోడల్ని అత్తా. దొంగని కాదు" అంది.

వీరమ్మ చెయ్యి వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ప్రార్థన గుడిలో పాట మొదలవుతుండగా తబిత అత్త భుజం పట్టుకుంది. "అత్తా, పాటల పుస్తకంలో అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి" అంటూనే కిందికి ఒరిగిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోటి వెంట నురగ. ఐజాక్ ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి ఆటో అప్పాజీకి ఫోన్ చేశాడు.

"ఆటో అక్కడికి రాదు తమ్ముడూ. రోడ్డు మీదికి నీళ్ళొచ్చేశాయి."

"వానే లేదు కదన్నయ్యా!"

"వాన నీళ్ళు కావు, సముద్రం పోటు. ఈమధ్య ప్రతి అమావాస్యకీ ఇదే వరస. చిన్నప్పుడు సముద్రం చూడాలంటే సరుగుడు తోటలు దాటి పోయేవాళ్ళం. ఇప్పుడా తోటల్నే సముద్రం మింగేసింది. మిట్ట మీద నిలబడి ఉంటాను. పిల్లని అక్కడిదాకా తెచ్చెయ్యండి."

తబితని మంచం మీద పడుకోబెట్టి, గుడికొచ్చిన మగవాళ్ళు నలుగురు మోకాటిలోతు నీళ్ళలో మోసుకెళ్ళారు. మంచం పక్కనే నడుస్తూ వీరమ్మ కోడలి ముఖానికి ఎండ తగలకుండా పైటచెంగు అడ్డుపెట్టింది. యానాం వంతెన దాటి కాకినాడ పెద్దాసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది.

ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. బతికి పుట్టలేదు.

"తల్లికి కూడా గండం గడిచిందని ఇప్పుడే చెప్పలేం. చాలా ఆలస్యం చేశారు. బీపీ అంత పెరిగేదాకా ఏం చేస్తున్నారు?" అన్నాడు డాక్టరు.

వీరమ్మ తెల్లగుడ్డలో చుట్టిన మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుండిపోయింది. ఐజాక్ వచ్చి తీసుకుంటుంటే కూడా వదల్లేదు. అతనే ఒక్కో వేలూ విడదీశాడు.

మర్నాడంతా తబిత స్పృహలో లేదు. ఆ తర్వాత ఒక ఉదయం కళ్ళు తెరిచింది. చేత్తో పొట్ట తడుముకుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆమెకి అర్థమైంది. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

వీరమ్మ మంచం మీదికి వంగింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నిన్నేమీ అననే. ఇప్పుడైనా చెప్పు. నాకు తెలియకుండా ఏం తిన్నావు?"

తబిత పెదవులు ఎండి పగిలిపోయి ఉన్నాయి. "దాహం" అంది.

నర్సు తలూపింది. "కొంచెం కొంచెంగా తాగించండి, పర్లేదు."

వీరమ్మ వరండాలో కుళాయి దగ్గరికెళ్ళి గ్లాసు నింపుకొచ్చింది. కోడలి తల తన చేతి మీదికి ఎత్తి గ్లాసు అందించింది. తబిత ఒక గుక్క తాగి ఆగింది. గ్లాసులోకి చూసింది, తర్వాత అత్త ముఖంలోకి చూసింది.

"ఇవేం నీళ్ళత్తా... మన నూతి నీళ్ళలా లేవు, ఇంత చప్పగా ఉన్నాయి?"