మూడంగుళాల మర్యాద

“అందరూ ఎత్తు చూసే ఈ ఎస్‌యూవీ కొంటారు. మీరేంటి సార్, దించమంటున్నారు?” మెకానిక్ చేతిలో స్పానర్ పక్కన పెట్టి మరీ అడిగాడు.

“మా అత్తగారు ఎక్కలేకపోతున్నారయ్యా,” అన్నాడు బండి యజమాని. “పళ్ళు కట్టించుకోవడానికి మా ఇంటికొచ్చారు. వారానికి రెండుసార్లు డాక్టరు దగ్గరికెళ్ళాలి. మొదటిరోజు నేనే తీసుకెళ్ళాను. ఆ తర్వాత నుంచీ, ‘మీ బండి ఎత్తెక్కువ బాబూ, మోకాళ్ళు సహకరించట్లేదు’ అంటూ టాక్సీలో పోతున్నారు. ఇంత బండి వాకిట్లో పెట్టుకుని ఆవిణ్ణి టాక్సీ ఎక్కిస్తుంటే నాకు తల కొట్టేసినట్టుంది.”

మెకానిక్ బండి కిందికి దూరి చూసొచ్చాడు. “పద్ధతిగా చేయాలంటే స్ప్రింగులు, కుదుపు ఆపే షాకులు సెట్టు మొత్తం మార్చాలి,” అని ఒక అంకె చెప్పాడు.

యజమాని చెయ్యి అడ్డంగా ఊపాడు. “అంత నా వల్ల కాదు. ఇంకేదైనా దారి చూడు.”

“ఉన్న స్ప్రింగులే కోసేయమంటారు కొందరు. ఆ పని నేను చెయ్యను. పాత సామాన్ల కొట్లో పొట్టి స్ప్రింగులు దొరికితే వేస్తా. షాకులు ఇవే. మూడంగుళాలు దిగుతుంది. కానీ మెత్తగా మాత్రం పోదు, ముందే చెప్తున్నా.”

“దిగితే చాలు!”

రెండోరోజుకి బండి బాతులా నేలని కరుచుకుని వాకిట్లో నిలబడింది.

“అత్తయ్యగారూ, ఇప్పుడు ఎక్కండి!” అతను తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆవిడ కూతురి వంక చూసింది. కూతురు నేల చూపులు చూసింది. ఇక తప్పదన్నట్టు ఆవిడ చేతిసంచి చంకన పెట్టుకుని ఎక్కింది.

వీధి మలుపులో స్పీడు బ్రేకరు దగ్గరే బండి కడుపు ‘గర్ర్’మంది. అతని ప్రాణం ఉసూరుమంది. రెండో బ్రేకరుని నడక కన్నా మెల్లగా ఎక్కించాడు. గుంత కనిపిస్తే ఆగాడు, ఆలోచించాడు, చుట్టు తిరిగి పోయాడు. స్పీడు ముల్లు ఇరవై దాటితే ఒట్టు. సైకిలు మీద కూరగాయల సంచులతో పోతున్న ముసలాయన కూడా బండిని దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

ఇంటికొచ్చాక అత్తగారు నవ్వుతూ దిగింది. “ఎంత హాయిగా ఉంది బాబూ! ఇకనుంచి ప్రతిసారీ మీతోనే వస్తాను.”

అతను పొంగిపోయాడు. ఆ పొంగు సాయంత్రం దాకా నిలవలేదు. మంచం మీద బోర్లా పడుకుని భార్య చేత నడుముకి మందు రాయించుకుంటూ మూలిగాడు.

“ఇలా అయితే నా వెన్నూ మిగలదు, బండీ మిగలదు. రేపే పాత స్ప్రింగులు బిగించమంటాను. తలుపు కింద ఒక మెట్టు వేయిస్తే సరి, మీ అమ్మ సుఖంగా ఎక్కేస్తారు. ఇంత చిన్న ఉపాయం ముందే తట్టలేదు చూడు!”

మందు రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. “వద్దండీ! బండి మళ్ళీ ఎత్తారంటే అమ్మ మళ్ళీ టాక్సీయే.”

“మెట్టు వేయిస్తానంటున్నానుగా! ఇంకా ఎక్కడానికి భయమేంటి?”

“ఎక్కడానికి కాదండీ… మీ స్పీడుకి ప్రాణాలతో దిగుతానో లేదోనని అమ్మ భయం!”