నాలుగు రోజుల పేజీ

“అయిదింటికల్లా వెబ్ పేజీ తయారవకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా. నాలుగు రోజులన్నాను, నాలుగు రోజులే,” అన్నాడు యజమాని గుమ్మంలో నిలబడి.

అప్పటికే నాలుగుంబావు. టైపిస్టు తెర వంక చూసింది. సోఫాల దుకాణం పేరు లావు అక్షరాల్లో బాగానే వచ్చింది. దాని కింద చిరునామా, వేళలు, ఆఖరికి ఫోన్ నంబరు కూడా అంతే లావుగా తిష్ఠ వేశాయి. “నలభై ఏడేళ్లకి ఓనమాలా?” అని పొద్దున భర్త నవ్విన నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. ఉద్యోగం పోయి ఏడు నెలలైంది, జీతం లేని ఈ నాలుగు రోజుల పరీక్ష నెగ్గితేనే మళ్లీ ఒకటి.

కూతురికి ఫోన్ చేసింది.

“ఏమే, అన్నీ లావైపోయాయి.”

“నీలాగేనా?”

“వేళాకోళం తర్వాత. ముందు దారి చెప్పు.”

“ఎక్కడో లావు అక్షరాల ట్యాగు తెరిచి మూయలేదు నువ్వు. గిన్నె మీద మూత పెట్టవే అని నా ప్రాణం తీస్తావుగా, ఇదీ అంతే.”

నిజమే. దుకాణం పేరు చివర మూసే ట్యాగు లేదు. పెట్టింది. కింది అక్షరాలన్నీ బుద్ధిగా సన్నబడ్డాయి.

యజమాని వచ్చి పేజీ కిందికీ పైకీ జరిపి చూశాడు. కోడు ఆయనకి రాదు, తెర ఒక్కటే చూస్తాడు. “భేషుగ్గా ఉందమ్మా. ఇక మీరు మా మనిషే అనుకోండి. సోమవారం మేమే ఫోన్ చేస్తాం,” అని ముందుగదిలోకి వెళ్లిపోయాడు.

“ఉద్యోగం వచ్చేసిందే,” అంది ఫోన్లో. “నాన్నకి నేనే చెబుతాను. నువ్వు నోరు జారకు.”

“సర్లే. వాళ్లిచ్చిన నమూనా పేజీలో నీకోసం రాసుకున్న గుర్తులు చెరిపేసి రా. తెర మీద కనపడవు గానీ, కోడు తెరిస్తే కనిపిస్తాయి.”

నమూనా కోడు తెరిచి, పైన రాసుకున్నవి చెరిపేసింది. ఇంకేమైనా మిగిలాయేమోనని, ఈ నాలుగు రోజుల్లో ఎన్నడూ వెళ్లని అడుగుదాకా దిగింది. అన్నీ ఖాళీ వరసలే. వాటి కింద, తను రాయని మాటలు.

‘సోమవారం ఫోన్ రాలేదు. అడుగుదామని వచ్చాను. ఈ కుర్చీలో ఇంకొకామె పేజీ చేస్తోంది. ఆమె మంచినీళ్లకి లేచింది కాబట్టి రాస్తున్నాను. నాది పళ్ల డాక్టరు పేజీ.’

‘నాది కళ్లజోళ్ల కొట్టు.’

‘నాది డ్రైవింగు స్కూలు.’

‘నాది పిల్లల బడి.’

ముందుగదిలో యజమాని ఎవరితోనో అంటున్నాడు. “నాలుగు రోజులమ్మా. నేర్చుకుని చేసి చూపించారా, ఉద్యోగం మీదే.”

టైపిస్టు ఫోన్ పెట్టేసి, కుర్చీ ముందుకి లాక్కుంది. ‘నాది సోఫాల దుకాణం’ అని కింద చేర్చి, తెర మీద కనపడకుండా మూసే గుర్తు ఈసారి మరిచిపోకుండా పెట్టింది.