మస్తాన్ కాలు

ఇప్పుడు రోడ్డు మీద బళ్లన్నీ వాటంతటవే నడుస్తున్నాయి. మనిషి తోలే మోటారు సైకిలు చూడాలంటే మా గిద్దలూరు రేసుకి రావాల్సిందే. తోలేవాళ్లంతా యుద్ధంలో దెబ్బతిన్న మాజీ సైనికులు.

మా ఆయన చెంచయ్యకి ఎడమకాలు కరెంటుది. గేర్లు మార్చాల్సింది దాంతోనే. నిన్న టీమందరికీ ఇడ్లీ పిండి రుబ్బుతానని కాలి ఛార్జరు పీకేసి గ్రైండరు పెట్టాడు. తీరా బండెక్కాక కాలు కదల్లేదు.

పక్కనున్న మస్తాన్‌దీ అలాంటి కాలే. కింద కూర్చుని ఊడదీసి ఇచ్చేశాడు. తర్వాతి రేసు అతనిదే. ఆ ఛార్జింగు ఒక్క రేసుకే వస్తుంది.

"మరి నువ్వు?" అన్నాను.

"మన టీమేగా వదినా! ఎవరు తోలితే ఏంది?"

రేసంతా నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూనే ఉన్నాడు. "సూడు వదినా, గేరు ఏసింది నా కాలే!" అని ఒకటే అరుపులు.

మూడో స్థానం వచ్చింది. మా ఆయన మస్తాన్‌ని కూడా బహుమతి మెట్టు మీదికి లాగాడు. ఒక్కరే ఎక్కాలన్నారు నిర్వాహకులు.

"కాలు వాడిది. దింపితే ఇద్దర్నీ దింపండి," అన్నాడు మా ఆయన.

ఎవరూ దింపలేదు. ఇద్దరూ భుజం భుజం ఆనించి సెల్యూట్ కొట్టారు. ఇద్దరికీ కలిపి ఉన్నవి మూడు కాళ్లు. ఒక్కటీ వణకలేదు.